ముందు చివరి పేజీ చదవండి

నవ్వించే ప్రేమ నవల చేతికొస్తే ముందు చివరి పేజీ చదవండి. ఆ ఇద్దరూ ఒకటయ్యారా, అలిగిన మేనత్త పెళ్లికి వచ్చిందా, అందరూ బతికే ఉన్నారా, ఇవి చూసుకున్నాకే మొదటి పేజీ తిప్పండి. పంతుళ్లు ఈ పని తప్పంటారు. పుస్తకాలు బాగా చదివే స్నేహితులు మొహం చిట్లిస్తారు. డిటెక్టివ్ నవల విషయంలో వాళ్ల మాట నిజమే. హంతకుడెవరో తెలిశాక అందులో మిగిలేది తక్కువ. ఈ నవలల సంగతి వేరు. పెళ్లిపత్రిక అందిన రోజే ఎవరికి ఎవరితో పెళ్లో తెలిసిపోతుంది, అయినా పెళ్లికి వెళ్లడం మానుకోం. ఎవరు ఎవరి మీద అలిగారో, బంతిలో ఎవరి పక్కన ఎవరు చేరారో, తలంబ్రాలప్పుడు పిల్ల ఏ మాటకు నవ్వాపుకోలేకపోయిందో చూడటానికే వెళ్తాం. ప్రేమ నవలలో ముగింపు రహస్యం కాదు, హామీ. అమెరికాలో ప్రేమ నవలలు రాసేవాళ్ల సంఘం ఒకటుంది. ప్రేమ నవలకు అది పెట్టిన షరతులు రెండే: కథకు నడుమ ప్రేమ ఉండాలి, ముగింపు తృప్తినీ ఆశనూ మిగల్చాలి. హామీ ఉందో లేదో ముందే చూసుకోవడం పాఠకుల హక్కు.

చూసుకోకపోతే ఏమవుతుందో తెలుగు పాఠకులకు బాగా తెలుసు. యండమూరి వీరేంద్రనాథ్ 'వెన్నెల్లో ఆడపిల్ల' ఎందరినో నవ్వించింది. ఫోనులో గొంతు తప్ప మనిషి కనిపించని అమ్మాయి, చదరంగం ఆడే రేవంత్, నన్ను కనుక్కో చూద్దాం అన్న పందెం. చాలా దూరం సరదాగానే సాగుతుంది. చివర గుండె పిండేస్తుంది. మంచి నవలే, కాదనను. కానీ ఇంట్లో జబ్బు మనిషిని పెట్టుకుని, రాత్రి పదింటికి కాస్త మనసు తేలిక చేసుకుందామని కూర్చున్నవాళ్లకు అది ఇవ్వకూడదు. చివరి పేజీ ముందు చూసే అలవాటుంటే అలాంటివాళ్లు ఆ రాత్రికి పొత్తూరి విజయలక్ష్మి 'ప్రేమలేఖ' తీసుకునేవాళ్లు, 'వెన్నెల్లో ఆడపిల్ల'ను మనసు బాగున్న రోజుకు దాచుకునేవాళ్లు. రెండు పుస్తకాలకూ న్యాయం జరిగేది.

మొదటి అధ్యాయం నుంచే మొదలుపెట్టాలన్న పట్టింపు కూడా వదిలేయండి. ఏ పేజీ తెరుచుకుంటే అక్కడ చదవండి. ఇదేదో కొత్త వింత కాదు, మన పెద్దవాళ్లు నవలలు చదివిన పద్ధతే ఇది. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' 1960లలో 'జ్యోతి' మాసపత్రికలో నెలనెలా వచ్చింది. ఆంధ్రప్రభ, ఆంధ్రజ్యోతి, ఆంధ్రభూమి వారపత్రికల్లో, 1984 తర్వాత స్వాతి వారపత్రికలో సీరియళ్లు నడిచాయి. అన్ని వారాలూ వరుసగా దొరికిన ఇల్లు ఎన్నని? పట్నం నుంచి వచ్చిన చుట్టాల సంచిలో ఒక సంచిక, కిరాణా కొట్టులో పొట్లం కట్టడానికి చింపబోతుంటే ఆపి తీసుకున్నది ఒకటి, పక్కింటివాళ్లు చదివి ఇచ్చింది మరొకటి. పైన 'జరిగిన కథ' అని నాలుగు వాక్యాలుంటే చాలు, కథలో దిగిపోయేవాళ్లు. అద్దె పుస్తకాల దుకాణాల్లో దొరికే నవలకు మొదటి పదహారు పేజీలు ఊడిపోయి ఉండేవి. అలా చదివిన తరమే తెలుగులో నవలను నిలబెట్టింది.

నవ్వించే ప్రేమ నవలకు ఈ పద్ధతి ఇంకా బాగా సరిపోతుంది. దీని బలం సన్నివేశంలో ఉంటుంది. ఇద్దరు మాటామాటా అనుకునే ఒక పూట, అబద్ధం బయటపడబోయి ఆగిపోయిన ఒక భోజనం, తప్పు మనిషికి చేరిన ఒక ఉత్తరం. నడుమ తెరిచిన పేజీలో అటువంటిది ఒకటి దొరికి, పేర్లు తెలియని మనుషులు కూడా మిమ్మల్ని నవ్వించారంటే ఆ రచయితకు పని తెలుసన్నమాట. అప్పుడు మొదటికి వెళ్లండి. వరసగా ఐదారు పేజీలు హీరో కారునూ హీరోయిన్ చీర అంచునూ వర్ణిస్తుంటే నిర్మొహమాటంగా దాటేయండి. దాటేసిన పేజీలకు ఎవరూ లెక్క అడగరు.

ఇక చెప్పడం. చదవడం కన్నా ఇదే ఎక్కువ నేర్పు అడిగే పని, చాలామంది పాడుచేసేదీ ఇక్కడే. పుస్తకం బాగుందని చెప్పేటప్పుడు రచయిత గొప్పతనం, భాష, సామాజిక స్పృహ అంటూ మొదలుపెడతారు. వినేవాళ్లకు పరీక్ష గుర్తొస్తుంది. అవేవీ చెప్పకండి. కథా చెప్పకండి. కథలో పడ్డ చిక్కుముడి ఒక్కటి చెప్పి నోరు మూసుకోండి. పల్లికాయ ఒలుస్తూ మా వదినెకు ఒక నవల గురించి చెప్పిన తీరు ఇది:

"ఒక పిల్ల ఉత్తగనే, లేని మనిషికి ప్రేమలేఖ రాసి పోస్టు డబ్బాల ఏస్తది వదినె. అది పోయి పోయి ఉన్న మనిషికే ముడుతది."

"ఆఁ? ఎవరికి ముట్టింది?"

"గది మాత్రం చెప్ప. ఇగో, పుస్తకం."

అది 'ప్రేమలేఖ'. జంధ్యాల 1984లో దాన్నే 'శ్రీవారికి ప్రేమలేఖ' సినిమాగా తీశారు. సినిమా ముందే చూసినవాళ్లకు నవల ఎందుకని అనుకోవద్దు. సినిమా చూసినవాళ్లకే ముందు ఇవ్వండి. నరేశ్, పూర్ణిమల మొహాలు అప్పటికే మనసులో ఉంటాయి, పేజీలు జారిపోతాయి. నవల చదివాకే సినిమా చూడాలన్న నియమం పట్నంలో పుస్తకాల మధ్య పెరిగినవాళ్లు పెట్టుకున్నది. మనకు సినిమా ముందు వచ్చింది, పుస్తకం తర్వాత వచ్చింది, అందులో చిన్నతనమేమీ లేదు. 1987లో 'అహ నా పెళ్ళంట' చూసి నవ్విన కోట్లమందిలో అది ఆదివిష్ణు 'సత్యంగారిల్లు' నవల నుంచి వచ్చిందని తెలిసినవాళ్లు కొద్దిమందే. పిసినారి కూతురిని పెళ్లాడటానికి తానూ పిసినారి వేషం కట్టిన పిల్లవాడు, ఇంత చెబితే చాలు, ఎవరైనా ఆ పుస్తకానికి చేయి చాస్తారు. మల్లాది వెంకట కృష్ణమూర్తి 'రెండు రెళ్ళు ఆరు', 'చంటబ్బాయ్' రెండూ 1986లో జంధ్యాల చేతిలోనే సినిమాలయ్యాయి. తన ఫోటో ఎక్కడా అచ్చు కానివ్వని ఆ రచయిత మనుషుల మొహాలు మాటల్లో ఎంత బాగా గీశాడో ఆ పుస్తకాలు చదివితే తెలుస్తుంది.

చిక్కుముడి చెప్పడానికి మా ఊరికి మించిన ఊరు లేదు. ఖిల్లా ఘణపూర్ కొండల మీది కోటను 13వ శతాబ్దంలో గోన గణపరెడ్డి కట్టించాడు, ఊరి పేరు ఆయనదే. కాకతీయుల సామంతులైన గోనవాళ్లు ఏలిన వర్ధమానపురం ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లా నంది వడ్డెమాను. ద్విపదలో రంగనాథ రామాయణం రాసిన గోన బుద్ధారెడ్డిది ఈ వంశమే. ఈ వంశంలోని గన్నారెడ్డిని పట్టుకుని అడివి బాపిరాజు 1940లలో 'గోన గన్నారెడ్డి' నవల రాశాడు. అల్లు అర్జున్ 2015లో 'రుద్రమదేవి' సినిమాలో వేసిన వేషం ఆ మనిషిదే. మా పిల్లలకు ఈ నవల ఇచ్చేటప్పుడు పెద్దవాళ్లు కాకతీయ సామ్రాజ్యం, తెలుగు పౌరుషం అంటారు. పిల్లలు దండం పెట్టి అటకమీద పెడతారు. నేనైతే ఇట్లా చెప్తాను: ముహూర్తం వేళకు పెళ్లికొడుకును ఎవరో ఎత్తుకుపోయారు. ఎత్తుకుపోయింది పెళ్లికొడుకు దాయాదే. పీటల మీద మిగిలిపోయిన అన్నాంబికకు ఏడవాలో ఊపిరి పీల్చుకోవాలో తెలియలేదు.

చరిత్ర నవలను ప్రేమ హాస్యంగా చదవమనడం అపచారమని కొందరికి అనిపిస్తుంది. చదివి చూడండి. వేషాలు మార్చుకోవడాలు, దొంగ అనుకున్నవాడు దొర కావడం, ఒకరినొకరు ఇష్టపడి ఒప్పుకోకపోవడం, అన్నీ అందులో ఉన్నాయి. యుద్ధాల అధ్యాయాలు ఎంత కావాలంటే అంత దాటేయొచ్చు. పుస్తకం చదవడం అయ్యాక ఆ పిల్లలే కోటకు వెళ్లే దారి అడుగుతారు. మా ఊరి గణపసముద్రం చెరువు ఎవరు తవ్వించారని అడుగుతారు. పౌరుషం చెప్పి రప్పించలేని చోటికి ఎత్తుకుపోయిన పెళ్లికొడుకు రప్పిస్తాడు.

పుస్తకం ఇచ్చే ముందు, మీకు ఎలాంటి నవలలు ఇష్టమని అడక్కండి. ఆ ప్రశ్నకు ఎవరూ నిజం చెప్పరు. పరువుగా వినిపించే రచయిత పేరు ఒకటి చెప్పి ఊరుకుంటారు. రాత్రి నిద్ర పడుతోందా, బస్సులో ఎంతసేపు కూర్చుంటున్నారు, ఇంట్లో ఎవరైనా మాట్లాడటం మానేశారా, ఇవి అడగండి. జవాబుల్లోనే పుస్తకం పేరు ఉంటుంది. వనపర్తికి రోజూ కాలేజీకి పోయివచ్చే పిల్లకు ఒక సీటు దొరికినంతసేపట్లో ఒక అధ్యాయం ముగిసే మల్లాది. మొగుడూ పెళ్లాలు మాట్లాడుకోని ఇంటికి ముళ్లపూడి వెంకటరమణ 'రాధాగోపాళం'. అది నవల కాదు, కథలు. ఒక్కో కథకూ ఒక్కో పోట్లాట, ఒక్కో రాజీ. ఆ పుస్తకాన్ని ఏ ఒక్కరి చేతికీ ఇవ్వకండి, ఇద్దరికీ అందే చోట వదిలేసి రండి. కూతురు పైచదువుకు హైదరాబాద్ పోయిన తల్లికి యద్దనపూడి 'మీనా'. తల్లి అదుపులో పెరిగిన పట్నం పిల్ల మేనమామ ఊరికొచ్చి పశువులనూ పొలాలనూ మనుషులనూ చూసి మారిపోయే ఆ కథను కూతుళ్లు మీనా వైపు నుంచి చదువుతారు. తల్లులు తల్లి వైపు నుంచి చదివి మరో నవల చూస్తారు.

నిద్రపట్టనివాళ్లకు మాత్రం కొత్త పుస్తకం ఇవ్వొద్దు. వాళ్లు ఇదివరకు చదివి ఇష్టపడ్డదే మళ్లీ ఇవ్వండి. ఒకసారి చదివింది మళ్లీ ఎందుకన్నది లెక్కలు చూసుకునే మాట. ఏ పేజీలో నవ్వొస్తుందో తెలిసి, ఆ పేజీ వైపు మెల్లగా నడవడంలో ఉన్న నెమ్మది కొత్త పుస్తకంలో దొరకదు. ఇంగ్లండులో జేన్ ఆస్టిన్ 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' 1813లో అచ్చయింది. డార్సీ, ఎలిజబెత్ పెళ్లాడతారని తెలియక ఇప్పుడు ఎవరూ దాన్ని చదవడం లేదు. ఏటా చదువుకునేవాళ్లున్నారు.

మగవాళ్లకు ఇవ్వండి. ముఖ్యంగా యాభై దాటినవాళ్లకు, మీసం తీరుగా దువ్వుకుని రచ్చకట్ట మీద పేపరు చదివేవాళ్లకు. ఇవి ఆడవాళ్ల పుస్తకాలనే మాట ఎక్కడినుంచి వచ్చిందో గానీ తెలుగులో దానికి ఆధారం లేదు. మల్లాది, ఆదివిష్ణు, ముళ్లపూడి, బాపిరాజు అందరూ మగవాళ్లే. ప్రేమలో పడ్డ మగవాడి అవస్థ వాళ్లకు తెలిసినంత బాగా ఎవరికి తెలుసు? అయినా మా వైపు మగవాడు పట్టపగలు ప్రేమ నవల పట్టుకుంటే చులకన. దీనికి బతిమాలడం పని చేయదు. "పెద్దనాయినా, ఈ పిసినారోడు అచ్చం మన ఊర్ల ఒకాయన లెక్కనే ఉన్నడు, ఎవరో చెప్పు చూద్దాం" అని 'సత్యంగారిల్లు' చేతిలో పెట్టండి. రెండు రోజులకు ఆయన ఒకరి పేరు చెప్తాడు. అది మీరు అనుకున్న పేరు కాకపోవచ్చు. ఆ తర్వాత ఇంకో పుస్తకం అడుగుతాడు.

అట్లాగే పదిహేడేళ్ల మగపిల్లలకు ఇవ్వండి. ఆడపిల్లతో ఎట్లా మాట్లాడాలో వాళ్లకు ఇంట్లో ఎవరూ చెప్పరు, బడిలో చెప్పరు. ఫోనులో చూసే ముక్కల్లో వెంటపడటం కనిపిస్తుంది గానీ మాట్లాడటం కనిపించదు. మంచి ప్రేమ హాస్య నవలలో ముప్పాతిక భాగం మాటలే. అవతలి మనిషి చెప్పింది వినకపోతే నవ్వే పుట్టదు. ఎదుటి మనిషికి తెలివి ఉందని ఒప్పుకోకుండా హాస్యంగా ప్రేమించడం సాధ్యం కాదు. అందుకే ఈ నవలల్ని కాలక్షేపం అని పక్కన పెట్టేవాళ్లతో నాకు పేచీ. పల్లెలో ఎదిగే పిల్లవాడికి వీటికి మించిన పాఠం ఇవ్వగలిగితే వాళ్లే ఇచ్చి చూపించాలి.

ఇక్కడే లోపాలున్న పుస్తకాల సంగతి వస్తుంది. పాత నవలల్లో లోపాలు చిన్నవి కావు. హీరోయిన్‌ను చెంపదెబ్బ కొట్టి, అది ప్రేమతోనే అనిపించే హీరోలున్నారు. వద్దంటే అవునని అర్థం చేసుకునేవాళ్లున్నారు. 'సెక్రటరీ'లో జయంతి ఆత్మాభిమానం ఎంత అందమో, ఆరడుగుల రాజశేఖరం అహం అంత చిరాకు. 1960లలో ఆ అహం ఆకర్షణగా కనిపించింది, ఆ రోజుల్లో కొడుకులకు రాజశేఖరం పేరు పెట్టుకున్న తల్లులున్నారంటారు. ఇప్పుడు ఆ పుస్తకాన్ని పిల్లలకు ఇవ్వొద్దని చాలామంది సలహా. నేను ఇవ్వమంటాను. ఊరికే కాదు, పెన్సిల్‌తో సహా ఇవ్వండి. ఎక్కడ ఒళ్లు మండితే అక్కడ అంచులో రాయమనండి. చదివి తిరిగి ఇచ్చాక ఆ రాతల మీద కూర్చుని పోట్లాడండి. తప్పులేని పుస్తకం చదివిన ఇద్దరు బాగుంది అంటే బాగుంది అనుకుని లేచిపోతారు. తప్పున్న పుస్తకం ఇద్దరినీ మాట్లాడిస్తుంది. తల్లీ కూతురూ అయితే ఆ మాటల్లో వాళ్ల సొంత సంగతులు కూడా బయటికొస్తాయి. నేరుగా అడిగితే ఎన్నడూ రానివి అవి.

ఆ పోట్లాట అయిన వెంటనే రంగనాయకమ్మ 'స్వీట్ హోమ్' ఇవ్వండి. విమల, బుచ్చిబాబుల కాపురం. పెళ్లి తర్వాత కూడా ప్రేమ హాస్యం నడుస్తుందని, సమానత్వం గురించి వాదించుకుంటూ కూడా పడిపడి నవ్వొచ్చని అందులో తెలుస్తుంది. రాజశేఖరం ఇంటి గుమ్మం దిగి నేరుగా బుచ్చిబాబు ఇంట్లోకి అడుగుపెట్టిన పాఠకురాలు మళ్లీ రాజశేఖరాన్ని పాత కళ్లతో చూడదు. రెండో పుస్తకం ఒక్కటే ఇచ్చి ఊరుకుంటే ఈ మార్పు రాదు. వరస ముఖ్యం.

చదవడం రానివాళ్లకూ చెప్పండి. మా జిల్లాల్లో ఇది చిన్న విషయం కాదు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం, అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని 23 జిల్లాల్లో అన్నిటికన్నా కింద. 2016లో ఆ జిల్లాను విడదీస్తే వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ వేరు జిల్లాలయ్యాయి గానీ ఆ ఏళ్లలో అక్షరం దక్కని అవ్వలు, చిన్నమ్మలు ఇవ్వాళా మన ఇళ్లలోనే ఉన్నారు. వలసపోయి ఊళ్లూ రాష్ట్రాలూ తిరిగి కడుపు నింపుకున్నవాళ్లు. వాళ్లకు నవ్వు అక్కర్లేదా? పుస్తకం బిగ్గరగా చదవండి. విత్తనానికి పల్లికాయ ఒలిచేటప్పుడు చేతులకే పని, చెవులు ఖాళీ. నాలుగిళ్ల వాళ్లు ఒకచోట కూర్చునే ఆ పూటల కన్నా మంచి సభ ఏ సాహిత్య సంస్థకూ దొరకదు.

చదివేటప్పుడు రచయిత భాషను మార్చండి. ఇది వింటే రాసినవాళ్లకు కోపం రావచ్చు. ఈ నవలల్లో చాలావరకు కృష్ణా, గోదావరి జిల్లాల మాటలో ఉంటాయి. అవ్వలకు అర్థం కాక కాదు, ఆ మాట వింటే పరాయి ఇంట్లో కుర్చీ అంచున కూర్చున్నట్టుంటారు. హీరో 'వచ్చాడు' అని అచ్చులో ఉన్నచోట 'వచ్చిండు' అని చదవండి. అత్తగారిని అత్తను చేయండి. కాఫీ తాగే చోట చాయ తాగించండి. హీరోయిన్ ఊరు వనపర్తి అనండి, ఆమె కట్టిన చీరను గద్వాల చీర చేయండి. ఇట్లా వినిపించినప్పుడు ఒక అవ్వ పుస్తకంలోని హీరోయిన్‌ను నేరుగా మందలించడం నేను విన్నాను: "ఓ పిల్లా, గా పిలగాడు నిన్ను చూస్తనే ఉన్నడు గదనే, నీకెట్ల కనపడ్తలేదు?" అచ్చులో ఉన్న మాట అచ్చులోనే ఉంటుంది, దానికి నష్టం లేదు. 'మిస్సమ్మ' బెంగాలీ కథ నుంచి వచ్చి, ఉద్యోగం కోసం మొగుడూ పెళ్లాలుగా నటించిన ఇద్దరినీ 1955లో తెలుగువాళ్లను చేసేసింది. ఆ రోజు మార్చొద్దని పట్టుబట్టి ఉంటే మనకు మిస్సమ్మే లేదు.

ఇచ్చిన పుస్తకం తిరిగి అడక్కండి. ఎవరికిచ్చారో రాసి పెట్టుకోవద్దు, అట్ట మీద పేరు కూడా రాయొద్దు. అపురూపమైన పుస్తకాలకు అట్టలు వేసి బీరువాలో దాచుకోండి, కాదనను. ప్రేమ హాస్య నవల బీరువాలో ఉంటే అది ఎవరినీ నవ్వించదు. ఇచ్చిన పుస్తకం మళ్లీ మీకే కావాలనిపిస్తే ఇంకొకటి కొనుక్కోండి. హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంటు మీద పాత నవలలు గుట్టలుగా ఉంటాయి, పట్నం పోయినప్పుడల్లా సంచి నిండా తెచ్చుకోవచ్చు. నెలకొక నవల అచ్చువేసిన 'చతుర' 1978లో మొదలై 2021లో ఆగిపోయింది గానీ దాని పాత సంచికలు ఇంకా ఇళ్లలో, ఆ గుట్టల్లో కనిపిస్తాయి. పల్చని పుస్తకం, ఒక్క సంచికలో మొత్తం నవల. నవల పూర్తిచేయగలనన్న ధైర్యం లేనివాళ్లకు అదే మొదట ఇవ్వాలి.

గ్రంథాలయంలో కూడా సిగ్గుపడకుండా ఇవే అడగండి. పోటీ పరీక్షల పుస్తకాల కోసం వచ్చే కుర్రాళ్ల మధ్య నిలబడి ప్రేమ నవల అడగడానికి చాలామంది జంకుతారు. 1960 నాటి గ్రంథాలయ చట్టం కింద మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను పోతుంది. ఆ 8 పైసల్లో గ్రూప్స్ పరీక్ష రాసేవాళ్ల వాటా ఎంతో, నవ్వుకోవాలనుకునే చిన్నమ్మ వాటా అంతే. కావలసిన నవలల పేర్లు కాగితం మీద రాసి ఇవ్వండి. ఒకరు ఇస్తే పక్కన పెడతారు, వాడకట్టు మొత్తం ఇస్తే తెప్పిస్తారు.

ఇంతా చెప్పాక ఒక లోటు మిగిలే ఉంది. ఇవన్నీ ఎక్కడివో కథలు. మేం పేర్లు మార్చుకుని, చీరలు మార్చుకుని మావి అనుకుంటున్నాం. పాలమూరు, అదే మా ఉమ్మడి మహబూబ్‌నగర్, అంటే కరువు, వలస, పోరాటం. వీటి మీద మంచి సాహిత్యం వచ్చింది, రావలసిందే. కానీ ఈ కరువు నేల మీద కూడా పిల్లలు ప్రేమలో పడ్డారు, తప్పు ఇంటి ముందు స్కూటర్ ఆపారు, కోట మీద కలుద్దామని చెప్పి ఒకరు ఒక వైపు, ఇంకొకరు మరో వైపు ఎక్కి పొద్దుగూకేదాకా ఎదురుచూశారు. మార్కెట్ యార్డులో పల్లికాయ ధర మీద మొదలైన కొట్లాట వియ్యంతో ముగిసిన ఇళ్లున్నాయి. ఇవి రాసినవాళ్లు ఏరి?

తెలంగాణలో కవులే లేరన్న మాట వచ్చినప్పుడు గద్వాల సంస్థానంలోని ఇటికాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి వాదనకు దిగలేదు. 354 మంది కవుల పద్యాలు పోగుచేసి 1934లో 'గోలకొండ కవుల సంచిక' అచ్చువేశాడు. తర్వాత 1952లో వనపర్తి నుంచి శాసనసభకు వెళ్లిందీ ఆయనే. ఆయన పుట్టిన నేలలో నవ్వించే ప్రేమ నవల రాసేవాళ్లు లేరంటే నేను నమ్మను. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ కాలేజీల్లో చదువుతున్న అమ్మాయిలూ అబ్బాయిలూ, మీరు రాయండి. మీ భాషలో రాయండి, చివరి పేజీలో ఇద్దరినీ కలపండి. మొదటి అధ్యాయం పూర్తికాగానే ఏ ప్రచురణకర్తకూ పంపకుండా, పల్లికాయ ఒలిచే చోటికి తీసుకెళ్లి చదవండి. అవ్వలు నవ్వితే రెండోది మొదలుపెట్టండి. నవ్వకపోతే ఎందుకు నవ్వలేదో వాళ్లనే అడిగి, మళ్లీ రాయండి.